తక్కువ వడ్డీ తీసుకోవాలా, ధర తగ్గించుకోవాలా?

ప్రశ్న: ఇంట్లో మేం ఆరుగురం. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, అత్తయ్య, మామయ్య. చిన్నవాడికి ఇంకా చైల్డ్ సీటు కావాలి. ఇప్పుడున్న చిన్న కారులో అందరం పట్టడం లేదని ఏడు సీట్ల ఎస్‌యూవీ కొనాలనుకుంటున్నాం. ధర 10 లక్షలు. షోరూమ్‌లో రెండు దారులు చెప్పారు. మొదటిది, కంపెనీ ఫైనాన్స్‌లో 36 నెలలకు 1.9 శాతం వడ్డీ. దీనికి ధరలో తగ్గింపు ఉండదు. రెండోది, ధరలో 70 వేలు తగ్గిస్తారు, లోన్ మాత్రం మేమే చూసుకోవాలి. మా బ్యాంకు 9 శాతానికి ఇస్తానంటోంది. మా దగ్గర 4 లక్షలున్నాయి. 2 లక్షలు డౌన్ పేమెంట్ కట్టి, మిగతా 2 లక్షలు అత్యవసరానికి ఉంచుకుందామనుకున్నాం. ఇంటి ఖర్చులన్నీ పోను నెలకు 18 వేలు మిగులుతాయి. పాత కారును షోరూమ్‌వాళ్లు 90 వేలకు తీసుకుంటామన్నారు. తెలిసినవాళ్లు ఒకరు లక్షా 20 వేలు ఇస్తామంటున్నారు. ఆ డబ్బుతో కొత్త బండికి యాక్సెసరీలు వేయిద్దామని మావారి కోరిక. ‘1.9 శాతం మళ్లీ దొరకదు, నెలాఖరులోపు సంతకం పెట్టేద్దాం’ అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. రోజూ ఇంట్లో ఇదే చర్చ. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ టెన్షన్‌కు కారణం ఉంది. అది మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. నెలకు 18 వేలు మిగులుతాయని రాశారు. 8 లక్షలు 1.9 శాతానికి 36 నెలలకు తీసుకుంటే ఈఎంఐ 22,879 అవుతుంది. ఆఫర్ ఎంత మంచిదైనా ఇప్పుడున్న రూపంలో అది మీ ఇంటి లెక్కలో పట్టదు. మీవారు వడ్డీ శాతం చూశారు, మీరు నెలాఖరు చూశారు. ఇద్దరూ చూసింది నిజమే కాబట్టి రోజూ చర్చ తెగడం లేదు. రెండూ ఒకే కాగితం మీద పెట్టి చూస్తే తెగుతుంది. ఆ పని ఇక్కడ చేద్దాం. వాడుతున్నవి మీరు రాసిన గుండ్రని అంకెలే. అసలు కొటేషన్ చేతికొచ్చాక అందులోని అంకెలు పెట్టి ఇదే లెక్క మళ్లీ వేసుకోండి.

ముందు ఆ 1.9 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. బయట 9 శాతానికి దొరికే అప్పును ఎవరూ ఊరికే 1.9కి ఇవ్వరు. అప్పిచ్చే ఫైనాన్స్ కంపెనీకి రావలసిన వడ్డీలో తగ్గిన భాగాన్ని బండి తయారుచేసిన కంపెనీ, కొన్నిసార్లు డీలరు కూడా కలిసి, ముందే చెల్లిస్తారు. ఈ రంగంలో దీన్ని సబ్‌వెన్షన్ అంటారు. మీకు 70 వేలు తగ్గింపు ఇచ్చినా, వడ్డీ తగ్గించినా, ఒక బండి అమ్మడానికి వాళ్లు పక్కన పెట్టిన డబ్బులోంచే అది వస్తుంది. అందుకే ‘ఇదో, అదో’ అంటారు. రెండూ ఒకేసారి ఇవ్వడం అరుదు. అయినా అడగడంలో తప్పు లేదు. స్టాకు కదలని నెలల్లో వడ్డీ ఆఫర్‌తో పాటు కొంత తగ్గింపు కూడా ఇచ్చే సందర్భాలుంటాయి.

బండ్ల కంపెనీలు సొంతంగా అప్పులివ్వడం కొత్త సంగతేమీ కాదు. జనరల్ మోటార్స్ 1919లోనే జీమాక్ పేరుతో ఫైనాన్స్ సంస్థ పెట్టింది. బండి కొనడానికి అప్పివ్వాలంటే అప్పట్లో బ్యాంకులు వెనకాడేవి. అదే కంపెనీ 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత అమెరికాలో షోరూమ్‌లు వెలవెలబోతుంటే సున్నా వడ్డీ ప్రకటించింది. ఫోర్డ్, క్రైస్లర్ కూడా అదే బాట పట్టాయి. ఆ అక్టోబర్‌లో అక్కడ అమ్మకాలు రికార్డు స్థాయికి చేరాయి. ఆ తర్వాత అలాంటి ఆఫర్లు ఆగిపోలేదు, మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. ‘మళ్లీ దొరకదు’ అన్న మీవారి భయం పోవడానికే ఇదంతా చెబుతున్నాను. గోదాములో బండ్లు పేరుకుపోయినప్పుడు, కొత్త మోడల్ రాబోతున్నప్పుడు, సంవత్సరాంతపు టార్గెట్లు దగ్గర పడినప్పుడు కంపెనీలకు ఇలాంటి ఆఫర్ అవసరమవుతుంది. ఆ అవసరం ఈ నెలతో తీరిపోయేది కాదు. సరిగ్గా ఇదే శాతం, ఇదే బండి మీద వస్తుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇక లెక్కలోకి వెళ్దాం. వడ్డీ ఆఫర్‌ను నగదు తగ్గింపుతో నేరుగా పోల్చడం కుదరదు. ఒకటి శాతంలో ఉంది, ఇంకొకటి డబ్బులో ఉంది. ముందు శాతాన్ని డబ్బులోకి మార్చాలి. ఫోన్‌లో ఏ ఈఎంఐ కాలిక్యులేటర్ ఉన్నా చాలు. ఆఫర్‌లో మీ ఈఎంఐ 22,879. అదే ఈఎంఐ, అవే 36 నెలలు పెట్టి, మీ బ్యాంకు 9 శాతం వడ్డీకి ఎంత అప్పు వస్తుందో చూడండి. దాదాపు 7 లక్షల 19 వేల 500 వస్తుంది. ఆఫర్‌లో మీ చేతికి వచ్చేది 8 లక్షలు. తేడా 80,500. మీవారు మురిసిపోతున్న 1.9 శాతం విలువ నగదులో అంతే. షోరూమ్ ఇస్తానన్న తగ్గింపు 80,500 కంటే ఎక్కువైతే తగ్గింపు లాభం, తక్కువైతే వడ్డీ ఆఫర్ లాభం. మీకు చెప్పింది 70 వేలే కనుక, రెండు దారుల్లోనూ 36 నెలలే పెట్టి చూస్తే వడ్డీ ఆఫర్‌దే పైచేయి. ఆఫర్‌లో మూడేళ్లలో మీరు కట్టేది 8,23,650. తగ్గింపు తీసుకుని 7 లక్షల 30 వేలు బ్యాంకులో తీసుకుంటే ఈఎంఐ 23,214, మూడేళ్లకు 8,35,700. దాదాపు 12 వేలు తేడా. ఇక్కడి వరకు మీవారి మాటే నెగ్గింది.

అయితే లెక్కలో ఇంకా పాత కారు డబ్బు రాలేదు. అది వచ్చేసరికి ఫలితం మారిపోతుంది. దీన్ని షోరూమ్‌లో ఎవరూ విడమరిచి చెప్పరు. పాత కారును బయట లక్షా 20 వేలకు అమ్మి, ఆ మొత్తాన్ని కూడా డౌన్ పేమెంట్‌లో కలిపారనుకోండి. ఆఫర్‌లో మీకు కావలసిన అప్పు 6 లక్షల 80 వేలకు దిగుతుంది. వడ్డీ ఆఫర్ లాభం అప్పు మీదే వస్తుంది కదా, అప్పు తగ్గిన కొద్దీ ఆ లాభమూ తగ్గుతుంది. 80,500 ఉన్న దాని విలువ ఇప్పుడు 68,400 దాకా పడిపోతుంది. తగ్గింపుకు అప్పుతో సంబంధం లేదు. ఎంత డౌన్ పేమెంట్ కట్టినా అది 70 వేలే. ఈఎంఐలు కూడా చూడండి. ఆఫర్‌లో 19,447. తగ్గింపు తీసుకుని 6 లక్షల 10 వేలు 9 శాతానికి అదే మూడేళ్లకు తీసుకుంటే 19,398. ఇక ‘1.9 పోతుందే’ అని దిగులుపడే పని లేదు. రెండూ సమానమయ్యాయి, పైగా బ్యాంకు వైపు నెలకు 49 తక్కువ.

సమానమైనప్పుడు దేన్ని ఎంచుకోవాలి? మీ చేతిలో వెసులుబాటు ఉంచేదాన్ని. కంపెనీ ఆఫర్ 36 నెలలకే కట్టుబడి ఉంటుంది, అంతకంటే సాగదీస్తే ఆ శాతం ఉండదు. బ్యాంకు లోన్‌కు కాలపరిమితి మీరు పెట్టుకోవచ్చు.

ఇక్కడే మీ 18 వేల సంగతి మళ్లీ చూడాలి. అది పాత చిన్న కారు నడుపుతున్న ఇంటి మిగులు. ఎస్‌యూవీ వచ్చాక ఇంధనం ఎక్కువ పోస్తారు, ఇన్సూరెన్స్ ప్రీమియం పెరుగుతుంది, సర్వీసింగ్ బిల్లు పెరుగుతుంది, టైర్లు మార్చినప్పుడు ఒక్కో టైరు ధరే చిన్న కారు టైరుకంటే బాగా ఎక్కువ ఉంటుంది. ఇవి ఏడాదికి ఎంత పెరుగుతాయో రాసి 12తో భాగించండి. నెలకు 2 వేలు పెరిగినా మిగులు 16 వేలకు వస్తుంది. కాబట్టి 18 వేల ఈఎంఐ మీకు ‘సరిపోయేది’ అనుకోకండి. ‘అత్యవసరం డబ్బులోంచి ఇంకో 50 వేలు తీసి డౌన్ పేమెంట్ పెంచితే, ఆఫర్‌లోనే ఈఎంఐ 18 వేలకు వస్తుంది కదా’ అని మీవారు అనవచ్చు. లెక్క ప్రకారం 18,017కి వస్తుంది, నిజమే. కానీ మొదటి నెల నుంచే ఇంటి బడ్జెట్ లోటులో పడుతుంది, ఆ లోటు పూడ్చడానికి ఉంచుకున్న డబ్బు కూడా అప్పటికే తగ్గిపోయి ఉంటుంది. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న ఇల్లు మీది. ఆ 2 లక్షల జోలికి వెళ్లొద్దని గట్టిగా చెబుతున్నాను.

నా సలహా ఇది. పాత కారు బయట అమ్మండి. 70 వేల తగ్గింపు తీసుకోండి. 6 లక్షల 10 వేలు మీ బ్యాంకులో 48 నెలలకు తీసుకోండి. ఈఎంఐ 15,180 అవుతుంది. నాలుగేళ్లూ అంతే కడుతూ పోతే మొత్తం 7,28,600, కంపెనీ ఆఫర్ కంటే 28,500 ఎక్కువ. కానీ అంత అవసరం రాకపోవచ్చు. ముందస్తు చెల్లింపుకు జరిమానా లేని లోన్ అయితే, కుదిరిన నెలల్లో కొంచెం ఎక్కువ కట్టండి. సగటున నెలకు 17 వేలు కట్టగలిగితే 42 నెలల్లో తీరిపోతుంది. అప్పుడు కంపెనీ ఆఫర్ కంటే మీకు అదనంగా అయ్యేది 13 వేల చిల్లర. పిల్లల ఫీజులు కట్టాల్సిన నెలలోనో, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేని నెలలోనో 15,180తో ఆగిపోవచ్చు. ఆ స్వేచ్ఛకు మూడున్నరేళ్లలో 13 వేలు పెద్ద ఖరీదని నేననుకోను.

జరిమానా విషయం మాత్రం బ్యాంకును సూటిగా అడగండి. ‘మధ్యలో కొంత అసలు కడితే ఛార్జీ ఎంత? మొత్తం తీర్చేస్తే ఎంత? మొదటి ఎన్ని నెలలు కట్టనివ్వరు?’ ఈ మూడింటికీ జవాబు కాగితం మీద తీసుకోండి. అదనంగా కట్టిన డబ్బును అసలులో జమ చేస్తారా, లేక రాబోయే ఈఎంఐ కింద ఉంచుతారా అన్నది కూడా తేల్చుకోండి. అసలులో జమ అయితేనే వడ్డీ తగ్గుతుంది.

మీవారి యాక్సెసరీల కోరిక గురించి. కొత్త బండిని అందంగా చూసుకోవాలనుకోవడం తప్పు కాదు. అయితే ఆ లక్షా 20 వేలు యాక్సెసరీలకు వెళ్తే, అంత మొత్తం అప్పులో కలుస్తుంది. 9 శాతానికి 48 నెలల్లో ఆ ఒక్క ముక్కకే నెలకు 2,986 కట్టాలి. ఆయనకు ఈ అంకె చూపించండి. ‘నాలుగేళ్లపాటు నెలకు 3 వేలు’ అంటే మనిషికి ఇట్టే అర్థమవుతుంది. మ్యాట్లు, సీట్ కవర్లు లాంటివి బండి వచ్చాక ఒక్కొక్కటిగా చేతి డబ్బుతో వేయించుకోవచ్చు. షోరూమ్‌లోనే అన్నీ ప్యాకేజీగా తీసుకోవాలన్న నియమం ఏమీ లేదు. ‘ఈ ప్యాకేజీ తీసుకుంటేనే ఆఫర్’ అని ఎవరైనా అంటే, దాని ధరను ఆఫర్ విలువలోంచి తీసేసి చూడండి.

నేను మొదటి కారు కొన్న రోజు నాకు ఇప్పటికీ గుర్తు. అమ్మే అబ్బాయి కాలిక్యులేటర్ నావైపు తిప్పి, అందులో కనిపిస్తున్న ఈఎంఐని బ్రోచర్ వెనక నీలం పెన్నుతో రాసి, చుట్టూ రెండుసార్లు గుండ్రంగా గీశాడు. ‘నెలకు ఇంతే సార్’ అన్నాడు. ఆ గుండ్రంలోని అంకె నా జీతంలో పట్టింది. అంతే, సంతకం పెట్టేశాను. నాలుగు రోజుల తర్వాత ఇంట్లో తీరిగ్గా అగ్రిమెంట్ చదువుతుంటే అప్పు మొత్తం నేననుకున్న దానికంటే ఎక్కువ కనిపించింది. పొడిగించిన వారంటీ, బాడీకి ఏదో కోటింగ్, మొదటి ఏడాది ఇన్సూరెన్స్, ప్రాసెసింగ్ ఫీజు, అన్నీ లోన్‌లో కలిపేశారు. ఆ కోటింగ్ మీద నేను ఐదేళ్లు వడ్డీ కట్టాను. ఆ మధ్యాహ్నమంతా షోరూమ్‌లో కూర్చుని కూడా ‘బండి ధర ఎంత, అప్పు ఎంత’ అన్న ప్రశ్న ఒక్కసారీ అడగలేదు. నెలకెంత అని మాత్రమే అడిగాను. కాలం పెంచితే ఏ బండైనా ఏదో ఒక నెల వాయిదాలో పట్టేస్తుంది. మీరు ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఈఎంఐ మాట చివర రానివ్వండి.

మాట్లాడే వరుస కూడా ముఖ్యం. ముందు బండి ధర తేల్చండి. అప్పుకు, పాత కారుకు సంబంధం లేకుండా, అన్ని పన్నులు, రిజిస్ట్రేషన్ కలిపి బండి రోడ్డెక్కేసరికి ఎంతవుతుందో రాయించుకోండి. పాత కారు మాట విడిగా ఎత్తండి. అన్నీ ఒకేసారి మాట్లాడితే, వడ్డీలో ఇచ్చింది పాత కారు ధరలో వెనక్కి తీసుకుంటారు. మీ విషయంలో షోరూమ్ చెప్పిన 90 వేలకు, బయట చెప్పిన లక్షా 20 వేలకు మధ్య 30 వేలు తేడా ఉంది. మీరు తలపట్టుకుంటున్న రెండు దారుల మధ్య తేడా 12 వేలే. ఏ మూల ఎక్కువ డబ్బు పోతోందో మీకే కనిపిస్తుంది. బయట అమ్మేటప్పుడు డబ్బు చేతికొచ్చాకే తాళాలివ్వండి, యాజమాన్యం బదిలీ కాగితాలు అదే రోజు పూర్తి చేయండి. బండి మీ పేరున ఉండగా వేరేవాళ్లు నడపడం మంచిది కాదు.

లెక్కంతా చూశాక కూడా మీవారి మనసు 1.9 వైపే ఉంటే, ఆ ఆఫర్ షరతులైనా పూర్తిగా చదవండి. ప్రకటనలో పెద్ద అక్షరాల 1.9 పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది. దాని వివరం కాగితం అడుగున, చీమల బారులాంటి అక్షరాల్లో ఉంటుంది. ‘1.9 శాతం నుంచి’ అని ఉంటే, క్రెడిట్ స్కోరు చాలా బాగున్నవాళ్లకే ఆ శాతం, మిగతావాళ్లకు వేరే శాతం అని అర్థం. కొన్ని వేరియంట్లకే, లేదా గత ఏడాది తయారైన స్టాకుకే వర్తించవచ్చు. గత ఏడాది బండి అయితే రేపు అమ్మేటప్పుడు ఒక ఏడాది పాతదిగానే లెక్కేస్తారు, ఆ నష్టాన్ని ఆఫర్ విలువలోంచి తీసేయాలి. తక్కువ వడ్డీ ఒక పరిమితి వరకే ఇచ్చి, పైన తీసుకున్న అప్పుకు మామూలు వడ్డీ వేసే పథకాలున్నాయి. నెలనెలా తక్కువ కట్టించుకుని చివర్లో ఒకేసారి పెద్ద మొత్తం అడిగేవి ఇంకొన్ని. బెలూన్ పేమెంట్ అన్న మాట వినిపిస్తే ఆగి, ఆ చివరి మొత్తం ఎంతో అడగండి. ఆఫర్ తేదీ బుకింగ్‌కా, డెలివరీకా అన్నది కూడా చూడాలి. నెలాఖరులోపు బుక్ చేసినా, బండి రెండు నెలల తర్వాత వస్తే అప్పటి వడ్డీయే వేస్తామనే షరతు ఉండొచ్చు.

శాతం చెప్పిన ప్రతిచోటా ‘ఫ్లాట్ రేటా, తగ్గే బాకీ మీదా?’ అని అడగండి. ఇది చిన్న తేడా అనుకోకండి. ఫ్లాట్ రేటులో మీరు అసలు తీరుస్తున్నా, మొదటి రోజు తీసుకున్న పూర్తి మొత్తం మీదే చివరిదాకా వడ్డీ వేస్తారు. 8 లక్షలకు 5 శాతం ఫ్లాట్, మూడేళ్లు అంటే వడ్డీ లక్షా 20 వేలు, ఈఎంఐ 25,556. మీ బ్యాంకు 9 శాతానికి అదే అప్పు 25,440కి ఇస్తుంది. ‘5 శాతమే’ అని చెప్పిన ఆ అప్పు నిజానికి 9.3 శాతం దాకా పడుతోంది. చాలా దేశాల్లో ఫీజులతో సహా అప్పు మొత్తం ఖర్చును ఒకే వార్షిక శాతంగా చూపాలని అప్పిచ్చేవాళ్లకు నియమం ఉంది. ఏపీఆర్ అనేది అదే. రెండు అప్పుల ఏపీఆర్‌లు పక్కపక్కన పెట్టి చూడండి, మీ బ్యాంకుది కూడా.

ఇంకో మాట. ఎవరైనా ‘డౌన్ పేమెంట్ లేకుండా ఏడేళ్లకు చేయిస్తాం’ అంటే ఒప్పుకోకండి. 10 లక్షలు 9 శాతానికి 84 నెలలకు తీసుకుంటే ఈఎంఐ 16,089. వినడానికి మీ బడ్జెట్‌కు దగ్గరగానే ఉంటుంది. మొదటి ఏడాదిలో మీరు లక్షా 93 వేలు కడతారు. అసలులో తగ్గేది లక్షా 7 వేలే, బాకీ ఇంకా 8 లక్షల 92 వేలకు పైనే ఉంటుంది. కొత్త బండి మొదటి ఏడాదిలోనే విలువలో ఐదో వంతు దాకా కోల్పోవడం మామూలే. అంటే 8 లక్షల బండి మీద 8 లక్షల 92 వేల బాకీ. ఖర్మకాలి బండి పూర్తిగా దెబ్బతింటే ఇన్సూరెన్స్ సాధారణంగా ఇచ్చేది బండికి ఆ నాటికున్న విలువే. బాకీ ఎంతుందో దానికి పట్టదు. బండి పోయినా అప్పు మిగిలే పరిస్థితి అది. మీరు చెప్పినట్టు 2 లక్షలతో పాటు పాత కారు డబ్బు కూడా ముందే కట్టేస్తే ఈ బాధ మీకుండదు.

ఇప్పుడు ఇంట్లో మాట్లాడుకోవడం గురించి. ‘నీకు ఎప్పుడూ భయమే’, ‘మీకు ఎప్పుడూ తొందరే’ అనుకుంటూ కూర్చుంటే నెలాఖరు వచ్చేస్తుంది. పిల్లలు పడుకున్నాక ఇద్దరూ గత ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకోండి. ప్రతి నెలా చివరి తేదీన ఖాతాలో నిజంగా ఎంత మిగిలిందో ఒక్కో అంకె రాయండి. 18 వేలు ఎన్ని నెలల్లో మిగిలింది, ఎన్ని నెలల్లో మిగల్లేదు? రెండు నెలలు 12 వేలే మిగిలి ఉంటే, 15,180 కూడా మీకు ఎక్కువే. అప్పుడు కొంచెం తక్కువ ధర వేరియంట్ చూడడమో, బండిని ఆరు నెలలు వాయిదా వేసి ఆ 15 వేలు నెలనెలా పక్కన పెట్టడమో మంచిది. ఆరు నెలల్లో 90 వేలు పోగవుతాయి, ఈఎంఐ కట్టే అలవాటూ పడుతుంది. దీన్ని ఓటమిగా చూడొద్దని మీవారికి నా మాటగా చెప్పండి. ఇంటిల్లిపాదినీ ఒకే బండిలో తీసుకెళ్లాలన్న ఆయన కోరిక మంచిది. ఆ బండి ఇంటికి వచ్చాక ప్రతి నెలా మొదటి వారంలో మీ ఇద్దరి మధ్య మాటలు పెరగకూడదనే ఇంతగా చెబుతున్నాను.

షోరూమ్‌కు వెళ్లేముందే మీ బ్యాంకు నుంచి లోన్ మంజూరు పత్రం తీసుకోండి. 9 శాతం అన్నది నోటి మాటగా ఉంటే పనికిరాదు. ప్రాసెసింగ్ ఫీజు ఎంత, ఆ వడ్డీ ఎన్ని రోజుల వరకు చెల్లుతుంది, మొత్తం కాలానికి స్థిరమా, మారేదా అన్నవి అందులో ఉండాలి. మారే వడ్డీ అయితే పైన వేసిన లెక్కలన్నీ రేపు పెరగవచ్చు, కాబట్టి స్థిర వడ్డీకే ప్రయత్నించండి. ఆ పత్రం చేతిలో ఉంటే షోరూమ్‌లో మీ మాటకు బరువుంటుంది. ‘మా లోన్ సిద్ధంగా ఉంది, తగ్గింపు ఇంకెంత ఇస్తారు?’ అని అడగవచ్చు. 70ని 80 చేస్తే, ఆ 10 వేలకు నెలకు 249 చొప్పున నాలుగేళ్లు తగ్గినట్టే. అడగడానికి మొహమాటపడొద్దు.

సంతకానికి ముందు ఒక్కరోజు బండిని మీ కుటుంబంతో పరీక్షించండి. ఆఫర్ ఉన్న వేరియంట్‌నే చూపించమనండి, ప్రదర్శనకు పెట్టిన ఖరీదైన వేరియంట్‌ను కాదు. పక్క ఎయిర్‌బ్యాగులు మూడో వరుస దాకా ఉన్నాయా, చైల్డ్ సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఏ సీట్లకు ఉన్నాయి, ఇవి వేరియంట్‌ను బట్టి మారిపోతుంటాయి. రెండో వరుసలో చైల్డ్ సీటు బిగించాక మూడో వరుసలోకి వెళ్లడానికి దారి ఉంటుందా అన్నది బ్రోచర్‌లో రాయరు. చాలా బండ్లలో సీటు మడిస్తేనే వెనక్కి దారి, చైల్డ్ సీటు ఉంటే ఆ సీటు మడవడం కుదరదు. అప్పుడు అత్తయ్య, మామయ్యల్లో ఒకరు వంగి, దూరి వెనక్కి వెళ్లాలి. వాళ్లను తీసుకెళ్లి ఎక్కించి, దించి చూడండి, మోకాళ్లు ఏమంటున్నాయో వాళ్లనే అడగండి. ఏడు సీట్లూ నిటారుగా పెట్టాక వెనక సామాను ఎంత పడుతుందో కూడా చూడండి. వెళ్లేటప్పుడు చిన్నవాడి చైల్డ్ సీటు వెంట తీసుకెళ్లడం మరచిపోకండి.